నల్లదాని జోలి: ఒక కారు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి మనవాడే. ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారమే ఆయన కొలిచెలమ. కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. నేను మొదటి మాట ఇస్తాను. రెండోది ఇవ్వలేను.

నేను టీక రాస్తున్న పద్యం పుట్టింది జమ్మికుంటలో, మా ఇంటి గేటు ముందు. ఊరి పేరులోనే జమ్మి ఉన్నచోట దసరాకు బండి మాసిపోయి ఉంటే ఏం బాగుంటుందని, పండుగ ముందు రోజు మైనం డబ్బా ఒకటి తెచ్చి మా మెరూన్ రంగు కారుకు నఖశిఖపర్యంతం పట్టించాను. తెల్లారి జమ్మికి మొక్కి, ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకున్న ప్రతివాడి చూపూ నా భుజం మీదుగా పోయి కారు ముందు బంపరు మీద ఆగింది. నల్లటి ప్లాస్టిక్కు నిండా తెల్లటి మరకలు. పక్కింటి పాలిటెక్నిక్ పిలగాడు వంగి చూసి, "సార్, గిదేంది? బండికి ఇబూది పెట్టిండ్రా?" అన్నాడు.

ఆ రాత్రి ఈ ఆటవెలది పుట్టింది. కవి నేనే, వ్యాఖ్యాతనూ నేనే. కనుక కవిహృదయం కోసం వెతుకులాట లేదు. అది బంపరు మీదే ఉంది.

మూలము

నీడ జేర్చి కడిగి నీళ్ళు తుడిచిపెట్టి
మైనమద్ది పలుచ మరల దుడిచి
నల్లదాని జోలి నామమాత్రము లేక
టైరు మెరయజేయ టక్కు వలదు

ప్రతిపదార్థము

నీడ = ఎండ పొడ లేని చోటికి; చేర్చి = కారును తెచ్చి నిలిపి; కడిగి = కారు షాంపూతో కడిగి (బట్టల సబ్బుతో అని కాదు); నీళ్ళు = బోరు నీళ్ళను; తుడిచిపెట్టి = అద్దాల సందులతో సహా చుక్క మిగలకుండా ఒత్తి తీసి; మైనము = వ్యాక్సును; పలుచ అద్ది = ఉందా లేదా అన్నంత పలుచగా పట్టించి; మరల తుడిచి = పట్టించిన దాన్నే మళ్ళీ తుడిచి; నల్లదాని జోలి = (ఇది రసవత్తరమైన చోటు, వ్యాఖ్యలో చూడుడు); నామమాత్రము లేక = పేరుకైనా పెట్టుకోక; టైరు = టైరును; మెరయజేయ = మెరిపించుటకు; టక్కు = మోసము; వలదు = వద్దు.

అన్వయము

పద్యంలో చేర్చి, కడిగి, తుడిచి, అద్ది, మరల తుడిచి అని ఐదు పనులున్నాయి. చేసే కర్త మాత్రం కనబడడు. ఆదివారం పొద్దున మా ఇంట్లోనూ అంతే. కర్తను అధ్యాహారం చేసుకోవాలి, అంటే లేపి తీసుకురావాలి.

వ్యాఖ్య

నీడ జేర్చి: మేలో మా దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అది గాలి వేడి. ఎండలో నిలిపిన బానెట్ రేకు అంతకన్నా చాలా ఎక్కువ కాలుతుంది. దాని మీద మైనం పెడితే పెనం మీద అట్టు పిండిలా అక్కడికక్కడే పట్టేసి, తుడిచేవాడి రెక్కలు పడిపోతాయి. అలాగని వేపచెట్టు నీడకు పోరాదు. వేప బంక, పిట్టల రెట్ట కలిసి మైనం ఆరకముందే తమ వ్యాఖ్య తాము రాస్తాయి. రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండకు కాలితే రంగు పైపొర మీద గుర్తు చెక్కేస్తుంది.

ఇంకో సూక్ష్మం జమ్మికుంట వాళ్ళకే తెలుస్తుంది. దసరా దాటిందంటే మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు బారులు కడతాయి. గాలిలో నూగు తేలుతుంది. తడి మైనం మీద ఆ నూగు వాలితే కారు ముసలివాడి గడ్డంలా తయారవుతుంది. కాబట్టి ఇక్కడ నీడ అంటే మూడు వైపులా గోడలున్న నీడ.

కడిగి: బట్టల పౌడరుతో కడిగితే దుమ్ముతో పాటు పాత మైనమూ పోతుంది. అంటే పోయిన నెల చేసిన పనిని ఈ నెల మనమే కడిగేసుకోవడం. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, ఒక బకెట్లో ఉత్త నీళ్ళు పెట్టుకుని, రుద్దిన గుడ్డను ఉత్త నీళ్ళలో జాడించి మళ్ళీ షాంపూలో ముంచాలి. లేకుంటే తీసిన ఇసుకను తిరిగి కారుకే రుద్దినట్టు. బోరు నీళ్ళను ఆరనిస్తే సున్నపు చుక్కలు మిగులుతాయి. అందుకే పద్యంలో తుడవడం రెండుసార్లు వచ్చింది. పునరుక్తి దోషం కాదు.

మైనము: ఏ మైనం అన్నది కవి చెప్పలేదు. వ్యాఖ్యాత బతికేది ఇలాంటి చోట్లే.

తేనెతుట్టె మైనం 62 నుంచి 64 డిగ్రీల్లో కరుగుతుంది. మా బానెట్ల మీద దాని సంగతి ఊహించుకోండి. కార్నోబా మైనం 82 నుంచి 86 డిగ్రీల దాకా నిలుస్తుంది. బ్రెజిల్ ఈశాన్యాన సియారా, పియవీ రాష్ట్రాల్లో మన తాటిచెట్టు చుట్టం ఒకటి పెరుగుతుంది. కరువు నేల. ఒంట్లోని తడి ఎండకు ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులకు తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే రాలే పొడే కార్నోబా. మనవాళ్ళు తాటాకు మీద కావ్యాలు రాశారు, వాళ్ళు తమ ఆకు మీది పొడిని డబ్బాల్లో పెట్టి లోకానికి అమ్మారు. రెండూ నీటిని, కాలాన్ని తట్టుకోవాలనే ఆరాటమే.

అయితే డబ్బా మీద కార్నోబా అని ఉంటే లోపలంతా కార్నోబాయే అనుకోరాదు. గట్టిగా రాయిలా ఉండే ఆ మైనాన్ని నూనెలు, కరిగించే ద్రవాలు కలిపితే తప్ప చేత్తో పూయలేం. దాని మెరుపు లోతుగా, తడిసినట్టు ఉంటుంది గానీ కొన్ని వారాలకే దిగిపోతుంది. కృత్రిమ పాలిమర్‌తో చేసే సీలెంట్ నెలల తరబడి ఉంటుంది, మెరుపు అద్దంలా కాస్త చల్లగా కనిపిస్తుంది. సిలికా కలిపిన స్ప్రేలు ఈ మధ్య వచ్చినవి. కొట్టి తుడిచేయడమే.

ఇక 'క్లీనర్ వ్యాక్స్' అన్న మాట దగ్గర ఆగాలి. అందులో గరుకు పొడి ఉంటుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ పలకను చూశారు కదా, ఆ మెరుపు పూసింది కాదు, అరగదీసింది. పాలిష్ అంటే అదే. రాయికి అరుగుదల లెక్కలోది కాదు. కారు రంగు మీది క్లియర్ కోట్ మాత్రం 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా సన్నం. నెలనెలా అరగదీస్తే కొన్నాళ్ళకు మెరవడానికి ఏమీ మిగలదు. మబ్బు పట్టిన పాత రంగుకు ఒకసారి క్లీనర్, ఆ తరువాత ఉత్త మైనమే. కొత్త రంగుకు మొదటినుంచీ మైనమే.

మరి ఎవరికి ఏది? 2021 ఆగస్టు 16న మా హుజూరాబాద్ మండలం శాలపల్లి సభలో దళితబంధు పథకం మొదలైంది, దళిత కుటుంబానికి 10 లక్షలు. ఆ సాయంతో ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళ ముందుకు కార్లూ ట్రాక్టర్లూ వచ్చాయి. కిరాయికి తిరిగే కారుకు మెరుపు సోకు కాదు. పెండ్లికి బండి మాట్లాడ వచ్చినవాడు ఇంజను చూడడు, రంగు చూస్తాడు. అలాంటి బండికి సీలెంట్ మేలు, నెలకోసారి కూర్చుని రుద్దే తీరిక ఆ యజమానికి ఉండదు. కార్నోబా నాలాంటి వాళ్ళకు, అంటే ఆదివారాన్ని ఏం చేసుకోవాలో తెలియని రిటైరైన తెలుగు మాస్టర్లకు.

మైనమద్ది పలుచ: ఇక్కడ పాఠాంతరం ఉంది. మా సందు డ్రైవర్లు 'మైనమద్ది పులిమి' అని చదువుతారు. గణాలు సరిపోతాయి, యతికీ భంగం లేదు. అయినా అపపాఠమే. లావుగా పులిమితే ఎక్కువ కాపాడదు. రంగును పట్టుకునేది అడుగున ఉన్న సన్నని పొరే, పైదంతా గుడ్డకు పోయేదే. ఒక్కో పలకకు రూపాయి బిళ్ళంత మైనం చాలు. మబ్బుగా ఆరాక వేలితో ఒక గీత గీయాలి. గీత అడుగున రంగు తేటగా కనబడితే తుడిచే వేళైంది, సాగితే కాలేదు.

తుడిచే గుడ్డ గురించి పత్తి ఊరివాడిగా ఒక మాట చెప్పక తప్పదు. మెకానిక్ షెడ్లలో వాడే బనియన్ గుడ్డల కుట్లు గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ గుడ్డే మేలు. అది పాలిస్టర్, పాలిఅమైడ్‌ల పోగు, పత్తి కాదు. చుట్టూ క్వింటాళ్ళ కొద్దీ తెల్ల బంగారం పెట్టుకుని ప్లాస్టిక్ గుడ్డ కొనుక్కొచ్చాను. పత్తి కొనే సీసీఐ వాళ్ళు నన్ను క్షమింతురు గాక.

నల్లదాని జోలి: ఈ సమాసం మీద మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా ఆవిడ ఇది తన ఒంటి రంగు మీద రాసిన ఎత్తిపొడుపని పట్టుబట్టింది. కాదని నిరూపించడానికి ఆమెను బంపరు దాకా తీసుకుపోవలసి వచ్చింది.

నల్లది అంటే రంగు వేయని ప్లాస్టిక్కు: బంపరు కింది భాగం, అద్దాల అడుగులు, తలుపుల మీది పట్టీలు. ఒంటి మీద వార్నిష్ లేదు, అచ్చులోంచి వచ్చిన గరుకే దాని అందం. మైనం ఆ గరుకు గుంటల్లో దూరి తెల్లగా ఆరిపోతుంది. మైక్రోఫైబర్ అక్కడిదాకా దిగదు. మెత్తటి పాత టూత్ బ్రష్షు, ప్లాస్టిక్ క్లీనరు పట్టుకుని గంట కూర్చుంటే కొంత వస్తుంది. దీనికి మందు కన్నా పథ్యం మేలు: మైనం పెట్టేముందు నల్లదాని అంచు పొడవునా మాస్కింగ్ టేపు అంటించుకోవాలి.

జోలి వద్దన్నాడు గానీ కవి ఆలన వద్దనలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్కు పైపొరను కొరికి బూడిద రంగు తెప్పిస్తాయి. దానికి నీటితో చేసిన, ఎండను ఆపే గుణమున్న ట్రిమ్ డ్రెస్సింగ్ వేరే ఉంది. కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు. ఒక పూట నిగనిగలాడుతుంది, సాయంత్రానికి ఊరి దుమ్మంతా దాని మీదే.

టైరు మెరయజేయ టక్కు వలదు: టక్కులు మూడు. ఒకటి, డీజిలు గానీ కాలిన ఇంజనాయిలు గానీ పూయడం. నల్లబడుతుంది నిజమే, పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. రెండు, నేలకు తగిలే ముఖానికి కూడా మెరుపు పూయడం. బ్రేకు వేసినప్పుడు ఆ మెరుపు తన గుణం చూపిస్తుంది. పక్కగోడలకే పూయాలి, ఆరాకే కదలాలి. లేకుంటే చక్రం తిరిగి చుక్కలన్నీ తలుపు మీదికి వస్తాయి.

మూడోది అమ్మేవాళ్ళ టక్కు. పాత బండి టైర్లు కాటుక పెట్టినట్టు మెరుస్తుంటే పక్కగోడ మీద డీ, ఓ, టీ అక్షరాల వరుస చివరి నాలుగంకెలు చదవండి. 2321 అంటే 2021లో 23వ వారం అని జాతకం. ఏ నూనె పూసినా అది మారదు.

ఒక్కోసారి టైరు గోధుమ రంగుకు తిరుగుతుంది. మాసిందని తిట్టరాదు. ఓజోన్ కొరకకుండా రబ్బరులోనే కొన్ని రసాయనాలు, కొంత మైనం కలుపుతారు. చక్రం తిరుగుతుంటే అవి మెల్లగా పైకి ఊరుతాయి. టైరు తన మైనం తానే పూసుకుంటుంది, సియారా చెట్టులాగే. వాడకుండా నెలల తరబడి నిలిపిన బండి టైరుకు ఆ ఊట సరిగా అందదు, తొందరగా పగుళ్ళు వస్తాయి.

అలంకారము

అద్ది, మరల తుడిచి: విరోధాభాసము. పూసినదాన్ని తుడిచేయడమెందుకని విరోధం తోస్తుంది. తుడిచినా పోకుండా నిలిచినదే కావలసినదని సమాధానం.

తాత్పర్యము

ఓ కారు యజమానుడా! బండిని నీడకు చేర్చి, కడిగి, ఆరదుడిచి, సన్నగా మైనం పెట్టి, మళ్ళీ తుడువుము. నల్లదానికి దాని మందే పెట్టుము. టైరును మెరిపించే పేరిట దాని వయసును దాచకుము అని భావము.

ఇంతవరకూ రాసి పక్కింటి పిలగాడికి చూపించాను. కాగితాలు లెక్కపెట్టుకున్నాడు. "పద్యం నాలుగు పాదాలే గద సార్. గింత మందం పులిమిండ్రేంది?"

మల్లినాథుడి రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. గుడ్డ అందుకున్నాను.