కలవని చోట కలపొద్దు

విడపనకల్లు ప్రాంతంలో ఒక రైతుకు మెడ బిగుసుకుపోయి, కాళ్లలో పట్టు తప్పిందనుకోండి. దగ్గరని సీటీ బళ్లారిలో, ఎమ్మారై అనంతపురంలో తీయిస్తారు. సీటీలో ఎముక బాగా తెలుస్తుంది, ఎమ్మారైలో వెన్నుపాము. ఏ ఎముక వెన్నుపామును ఎక్కడ నొక్కుతోందో తేలాలంటే రెండు బొమ్మలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఆ పని డీప్ లెర్నింగ్ ప్రోగ్రాం సెకన్లలో చేసిపెడుతుంది. అలాంటి ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు నా సలహాలు తలకిందులుగా వినిపిస్తాయి. అయినా చెప్తాను.

రెండు బొమ్మల పోలికకు మార్కులు బాగా వస్తే భయపడండి. టోర్‌స్టెన్ రోల్ఫింగ్ అనే పరిశోధకుడు 2012లో కావాలనే ఒక పనికిరాని పద్ధతి తయారుచేశాడు. ఒక బొమ్మలోని చుక్కలు ఏ అవయవానివో చూడకుండా, వెలుగును బట్టి వరుస పెట్టి రెండో బొమ్మలో అదే వరుసలో సర్దేయడమే దాని పని. ఆ అమరికకూ శరీరానికీ సంబంధమే లేదు. అయినా పోలికల లెక్కల్లో అది అసలైన పద్ధతులను మించిపోయింది! అంతకుముందు 1997లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు సరైన దారి చూపించారు. మెదడు ఆపరేషన్‌కు వచ్చినవాళ్ల పుర్రె ఎముకలో గుర్తులు బిగించి, బొమ్మల్లోంచి వాటి జాడ చెరిపేసి, పోటీకి వచ్చిన బృందాలకు ఇచ్చారు. ఎవరి లెక్క ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో అప్పుడు తేలింది. మీరూ మిల్లీమీటర్లలోనే చెప్పండి.

ఎముకను వంగనివ్వకండి. పోలిక పెంచడానికి ప్రోగ్రాం దేన్నైనా సాగదీస్తుంది. మెడ వంపు రెండు స్కాన్లలో రెండు రకాలుగా ఉంటుంది నిజమే, కానీ ఆ వంపు వెన్నుపూసల మధ్య వచ్చేదే, పూసలో కాదు. మెడలో వెన్నుపాము నడిచే దారి ముందు వెనకల వెడల్పు 10 మిల్లీమీటర్లకు తగ్గితేనే బాగా ఇరుకైనట్టు. అక్కడ 2 మిల్లీమీటర్ల అబద్ధం ఆపరేషన్ నిర్ణయాన్నే మార్చేస్తుంది.

నిజం కాని బొమ్మలతో నేర్పండి. సింత్‌మార్ఫ్ అనే పద్ధతి ఇదే చేసింది: యాదృచ్ఛికంగా పుట్టించిన ఆకారాలకు యాదృచ్ఛికంగా వెలుగులు పూసి నేర్పితే, ప్రోగ్రాం వెలుగును వదిలి ఆకారాన్ని పట్టుకుంటుంది. ఇది మన రాయలసీమకు ప్రత్యేకంగా కావాలి. అనంతపురం జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లున్నాయి. ఫ్లోరోసిస్ వచ్చిన ఎముక మామూలు ఎముకకన్నా దట్టంగా ఉంటుంది, స్నాయువులు సున్నం పేరుకుని గట్టిపడతాయి. ఈ జబ్బును మన దేశంలో 1937లోనే నెల్లూరు జిల్లా జనంలో గుర్తించి రాశారు. ఇన్నేళ్లయినా ఇంకెక్కడివో ఆరోగ్యవంతుల స్కాన్లతో నేర్పిన ప్రోగ్రాంను తెచ్చి మన రోగుల మీద నమ్మకంగా వాడటం అన్యాయం. నేర్పడం ఎలా నేర్పినా, పరీక్ష మాత్రం ఇక్కడి స్కాన్ల మీదే పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, కలవని చోట ఖాళీ వదలండి. సున్నం పట్టిన స్నాయువు సీటీలో తెల్లగా మెరుస్తుంది, ఎమ్మారైలో నల్లగా ఉండి పక్కనున్న ఎముక అంచులో కలిసిపోతుంది. అక్కడ ప్రోగ్రాం గీసే గీత ఊహే. ఆ భాగానికి వేరే రంగు వేసి, తెలియదని సర్జన్‌కు చెప్పండి.

ఇక రోగి ఇంటివాళ్లకు ఒక్క మాట. ఫిల్ము ఒక్కటీ తెచ్చుకుంటే చాలదు. కొలతలు, స్కాన్ ముక్కల మందం డైకామ్ అనే కంప్యూటర్ ఫైళ్లలో ఉంటాయి. రెండు చోట్లా ఆ ఫైళ్లున్న సీడీ అడిగి తీసుకుని, ఫిల్ముతోపాటు దాన్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.