షేరు మనది, కాటా షావుకారుది

చెరుకుపల్లి రైతుకు ప్రమోషన్ వచ్చింది. నిన్నటిదాకా ఉత్త రైతు, నేడు కంపెనీ యజమాని. పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే చాలు, కంపెనీ పెట్టుకోవచ్చని 2002లోనే చట్టం మార్చారు. 2020లో కేంద్రం మరో అడుగు వేసి, దేశమంతటా 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టిస్తామంటూ 6,865 కోట్ల రూపాయల పథకం తెచ్చింది. టాటా, బిర్లాల వరసలో ఇక మన బాబాయి కూర్చుంటాడన్నమాట. కుర్చీ ఎక్కడ వేశారన్నదే తెలియడం లేదు.

కంపెనీ సొంతదైతే మంచిదే. పరాయి కంపెనీ సంగతి గుజరాత్ బంగాళాదుంప రైతులను అడగండి. తన చిప్స్ రకం దుంప వేశారని 2019లో పెప్సికో నలుగురు రైతుల మీద తలా 1.05 కోట్లకు దావా వేసింది. నలుగురూ తిట్టిపోశాక వెనక్కి తీసుకుందనుకోండి. మన కంపెనీ మన మీద దావా వేయదు. అసలు మన సరుకు కొంటేగా, గొడవ రావడానికి!

కోతల రోజుల్లో యజమానిగారిని కల్లం దగ్గర చూడాలి. వరి కోశాక దున్నకుండా వేసిన మొక్కజొన్న పట్టాల మీద ఆరుతుంటుంది. కొనేవాడి మనిషి గుప్పెడు గింజలు మిషన్‌లో పోసి పెదవి విరుస్తాడు. తేమ 14 శాతం దాటిందంటాడు, బస్తాకు ఇంత తరుగంటాడు. యజమానిగారు గోతం మూతి పట్టుకుని ఊ కొడతాడు.

"బాబాయ్, నీకో కంపెనీ ఉందిగా?"

"ఉందిరా. షేర్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన పెట్టాను."

"మరి సరుకు దానికే వేయొచ్చుగా?"

"దానికి ఆఫీసుంది, బోర్డుంది, సీఈవో ఉన్నాడు. డబ్బు లేదు. ఈ షావుకారుకు అవేమీ లేవు, డబ్బుంది. యూరియాకు అప్పిచ్చిందీ ఈయనే."

బాబాయి లెక్క తప్పు కాదు. పథకం ప్రకారం మైదాన ప్రాంతంలో సంఘానికి కనీసం 300 మంది సభ్యులుండాలి. తలా 2,000 వేసుకుంటే 6 లక్షలు. కేంద్రం అంతకు అంత కలిపితే 12 లక్షలు. 2025-26 మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 చొప్పున ఆ డబ్బుకు 500 క్వింటాళ్లు వస్తాయి. ఎకరాకు 35 క్వింటాళ్లు పండిందనుకుంటే పద్నాలుగెకరాల పంట! పట్టుమని పదిమంది సరుకు కొనకముందే గల్లాపెట్టె ఖాళీ. మిగతా యజమానులు చప్పట్లు కొట్టాలి. ఆఫీసు నడపడానికి, జీతాలకు మాత్రం మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తారు. గింజ కొనే డబ్బు కంటే గింజ గురించి మీటింగు పెట్టే డబ్బే ఎక్కువ.

తాకట్టు లేకుండా 2 కోట్ల దాకా రుణానికి గ్యారంటీ కూడా ఉంది. బ్యాంకుకెళితే మూడేళ్ల లెక్కలు తెమ్మంటారు. లెక్కలకు వ్యాపారం కావాలి, వ్యాపారానికి రుణం కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

చట్టానికి మాత్రం బాబాయీ బిర్లా ఒకటే. వార్షిక లెక్కలు గడువులోగా దాఖలు చేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల ఆలస్య రుసుం. తేమకు షావుకారు తరుగు తీస్తే, ఆలస్యానికి సర్కారు తీస్తుంది.

రైతుల కంపెనీ అసలు నడవదా అంటే, పక్కనే వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. 1977లో సహకార సంఘంగా పుట్టి, 2013లో పాల ఉత్పత్తిదారుల కంపెనీ అయింది. పాలు రోజూ పోస్తారు, బిల్లు కూడా ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. గింజ అలా కాదు. ఏడాదికోసారి ఇంటికొస్తుంది, వచ్చిన రోజే అప్పులవాళ్లూ వస్తారు. ఆ రోజు నోట్లు లెక్కపెట్టగలిగినవాడిదే కంపెనీ, బోర్డు ఎవరి పేరున రాయించినా సరే.

కాబట్టి యజమానులారా, ఒక్క మనవి. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకే ఓటు అంటోంది ఈ చట్టం. వార్షిక సభకు 14 రోజుల ముందే నోటీసివ్వాలి, సభ్యుల్లో నాలుగోవంతు రాకపోతే కోరం లేనట్టే. వెళ్లండి. శాలువాలు కప్పుకోవడం అయ్యాక రెండే ప్రశ్నలు అడగండి: ఈ ఏడు మన దగ్గర ఎన్ని టన్నులు కొన్నారు? కాటా వేసిన ఎన్నో రోజున డబ్బిచ్చారు? జవాబు వచ్చేదాకా భోజనాలకు లేవకండి.