ఏడు తరాలు చాలవట!

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. (గోరఖ్‌పూర్, హుబ్బళ్లి దాటేశాయి. ఆ బెంగ వేరు.) ఎంత బండి వచ్చినా అక్కడ చోటుంది. అదే ఊళ్లో, రైల్వేలో రిటైరైన మన తెలుగు బాబాయిగారి కంప్యూటర్‌లో మాత్రం విండోస్ 11కు చోటు లేదు!

ర్యాం ఉంది, డిస్కు ఉంది. టీపీఎం 2.0 ఏదని అడుగుతోంది తెర. బాబాయికి టీటీఈ తెలుసు కానీ టీపీఎం తెలియదు. పని ఒకటే లెండి... టికెట్ లేదని దించెయ్యడం!

మేనల్లుడు బయోస్‌లో దూరి, వెతికి వెతికి దాన్ని ఆన్ చేశాడు. ఈసారి ప్రాసెసర్ దగ్గర ఎర్రజెండా. ఉన్నది ఇంటెల్ ఏడో తరం, కావలసింది ఎనిమిదో తరం.

"పిల్లనిచ్చేటప్పుడు కూడా ఏడు తరాలే చూశాం కదరా!" బాబాయి నిట్టూర్పు.

పోనీ పాతదే ఉంచుకుందామంటే, విండోస్ 10 కూడా 2025 అక్టోబరు 14న రిటైరైంది. కోరుకున్నవాళ్లకు ఓ ఏడాది ఎక్స్‌టెన్షన్, 2026 అక్టోబరు 13 దాకా. పింఛను లేదు.

లినక్స్ ఎక్కండి బాబాయ్! ప్యాసింజర్ బండి. చిన్న స్టేషన్లోనూ ఆగుతుంది.