పైన ఆకు, లోపల పిండి

మొక్క నుంచి వచ్చిందట. అందుకని మంచిదట. ఏం తర్కమండీ! గన్నేరు మొక్క కాదా? ఉమ్మెత్త మొక్క కాదా? పొగాకు చేలో పండిందా, ఫ్యాక్టరీలో పుట్టిందా? అంతదాకా ఎందుకు, చెరకును ఏ గనిలోంచి తవ్వారు? పంచదారంత ‘ప్లాంట్ బేస్డ్’ సరుకు ఈ దేశంలో ఇంకోటుందా? చక్కెర మిల్లుల యజమానులకు ఈ ముక్క ఇంకా తట్టలేదు గానీ, తట్టిన మర్నాడే బస్తా మీద పచ్చాకు అచ్చేసి రేటు పెంచేస్తారు.

ఈలోగా ఆ పచ్చాకు స్టీవియా వాటాకు వచ్చింది. మనవాళ్లు మధుపత్రి అని ముద్దుపేరు కూడా పెట్టారు. సూపర్ మార్కెట్లో దానికో ప్రత్యేక అర. డబ్బా పచ్చ. మూత పచ్చ. అక్షరాలు పచ్చ. ‘నేచురల్’. ‘జీరో క్యాలరీ’. ‘గిల్ట్ ఫ్రీ’. పాపం కడుక్కోవడానికి ఒకప్పుడు కాశీ వెళ్లేవాళ్లు. ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్ దాకా వెళ్తే చాలు, కార్డు గీకితే ప్రక్షాళన.

సరే, ఆ డబ్బా ఒకసారి తిప్పండి. వెనక వైపు. ఇంకా కిందికి. కళ్లజోడు పెట్టుకోండి. చీమ కాళ్లలాంటి ఆ అక్షరాల్లో ఉంది అసలు భాగోతం.

స్టీవియా ఆకులోంచి తీసే తీపి పదార్థాలు, అంటే స్టీవియాల్ గ్లైకోసైడ్లు, పంచదార కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యన. చెంచా పంచదార 4 గ్రాములనుకుందాం. ఆ పని చెయ్యడానికి వీటిలో 20 మిల్లీగ్రాములు చాలు. 20 మిల్లీగ్రాములంటే ఎంత? ఊదితే ఎగిరిపోయేంత. అంతే వేసి అమ్మితే ఖాళీ ప్యాకెట్ అంటగట్టావేమిటని మీరు కొట్టువాడి పీక పట్టుకుంటారు. అందుకని నింపుతారు. ఎరిత్రిటాల్ పోసి. మాల్టోడెక్స్‌ట్రిన్ పోసి. బిళ్లలైతే లాక్టోజ్ దట్టించి. గ్రాము ప్యాకెట్లో ఆకు సారం ఒకటి రెండు శాతం. మిగతాది? ఎక్కువగా మొక్కజొన్న పిండిని విరగ్గొట్టో, పులియబెట్టో తీసిన తెల్లటి పొడి. డబ్బా మీద పేరు మాత్రం స్టీవియా! ఈ లెక్కన గిన్నెడు ఉప్మాలో చుక్క నెయ్యి వేసి, మొత్తం గిన్నెను ‘నెయ్యి’ అని అమ్మేయొచ్చు. ఎవడు అడుగుతాడు?

ఇంకా సొగసైన సంగతి వినండి. మాల్టోడెక్స్‌ట్రిన్ అచ్చమైన పిండిపదార్థం. కడుపులో పడ్డాక చకచకా గ్లూకోజ్ అయిపోతుంది. అంటే ఏమిటి? షుగర్ పెరగకూడదని కొన్న ప్యాకెట్లో షుగర్ పెంచే పొడి! గ్రామే కదా, దానికే కొంప మునుగుతుందా అంటారా? మునగదు. మరి ఆ ముక్క డబ్బా ముందు వైపే ధైర్యంగా అచ్చెయ్యొచ్చుగా? పైగా ‘పంచదార వేసే చోటల్లా చెంచాకు చెంచా ఇదే వెయ్యండి’ అంటూ అమ్మే రకాలున్నాయి. హల్వాలోకి, కేకులోకి అవి గ్రాముల్లో పడవు, గుప్పెళ్లలో పడతాయి. పోనీ ఎరిత్రిటాల్ సుద్దపూసా? రక్తంలో అది ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు నేచర్ మెడిసిన్ పత్రికలో రాశారు. అదే కారణమని రుజువు కాలేదు. నిజమే, ఒప్పుకుందాం. ఆ రుజువు తేలేదాకా పరీక్ష ఎవరి మీద జరుగుతున్నట్టు? డబ్బు కట్టి మరీ చేయించుకుంటున్నాం.

ఇక ఆకు సంగతి. చేలో కోసిన ఆకు మన కప్పులోకి నడిచి రాదు. వేడినీళ్లలో నానబెడతారు. రెజిన్ల గుండా పారిస్తారు. ఆల్కహాల్‌తో కడుగుతారు. స్ఫటికాలు కట్టించి 95 శాతం స్వచ్ఛతకు తెస్తారు. తప్పేం లేదు, పంచదారకూ ఇలాంటి తతంగమే. కానీ దాన్ని ఫ్యాక్టరీ అంటారు. తోట అనరు.

అమెరికా ఎఫ్‌డీఏ 1991లో స్టీవియా దిగుమతుల్ని గుమ్మంలోనే ఆపేసింది. భద్రతకు ఆధారాలు చాలవంది. 2008 చివర్లో మాత్రం, ఆ గ్లైకోసైడ్లలో ఒకటైన రెబాడియోసైడ్-ఎ ను శుద్ధి చేసి వాడుకుంటే మాకు అభ్యంతరం లేదంది. ఎవరడిగితే? అమ్మకానికి డబ్బాలు సిద్ధం చేసుకున్న కార్గిల్ లాంటి కంపెనీలు అడిగితే. మరి మామూలు ఆకు? ఆకును, దాని ముతక సారాన్ని తిండిలో తీపి కోసం వాడటానికి అక్కడ ఇప్పటికీ అనుమతి లేదు. చూశారా చమత్కారం! ఆకు పనికిరాదు. ఆకు బొమ్మ పనికొస్తుంది.

ఆ ఆకు తియ్యదనం కనిపెట్టిందెవరు? కార్గిలా? పరాగ్వే, బ్రెజిల్ సరిహద్దు అడవుల్లోని గ్వారానీలు. తరతరాలుగా వాళ్లు యెర్బా మాటే తేనీటిలో ఈ ఆకు వేసుకు తాగుతున్నారు. 1899లో మోయిసెస్ బెర్తోని అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించి ప్రపంచానికి చెప్పాడు. ఆ తర్వాత జపాన్ వ్యాపారం చేసింది. చైనా పంట మొదలెట్టి అందర్నీ దాటేసింది. అమెరికా కంపెనీలు పేటెంట్లు రాయించుకున్నాయి. మా విద్యతో బతుకుతున్నారు, మా వాటా ఏదయ్యా అని గ్వారానీలు అడిగారు. అడుగుతూనే ఉన్నారు.

వాటా అంటే గుర్తొచ్చింది. 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే జీవవైవిధ్య సదస్సు జరిగింది. కాప్-11. నగరానికి ముస్తాబు. విదేశీ ప్రతినిధులకు విందులు. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి 5 కోట్ల డాలర్లతో ‘హైదరాబాద్ ప్రతిజ్ఞ’ ప్రకటించారు. అడవిబిడ్డల విద్యతో లాభపడితే ఆ లాభంలో వాటా వాళ్లకు చెందాలన్న నగోయా ఒప్పందానికి మన దేశం ఆ రోజుల్లోనే ఆమోదముద్ర వేసింది. భేష్. అదే హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాఫీ షాపు బల్ల మీద చూసినా ఆకు బొమ్మ ప్యాకెట్లే. ఒక్కదాని మీదైనా గ్వారానీ అన్న మాట కనిపించిందా?

వ్యాపారం ఎంత తెలివైనదో చూడాలంటే కోకాకోలాను చూడాలి. 2013లో అర్జెంటీనా, చిలీ దేశాల్లో ‘కోకాకోలా లైఫ్’ అని పచ్చ డబ్బా దించింది. మరుసటేడు బ్రిటన్‌లోనూ. స్టీవియా కలిపాం, చక్కెర మూడో వంతు తగ్గించాం అని ఊదరగొట్టింది. తగ్గించగా మిగిలిందెంత? 330 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 22 గ్రాములు. అయిదు చెంచాల పైమాటే. దానికి పేరు ‘లైఫ్’! 2017లో బ్రిటన్ నుంచి మూట కట్టేశారు. ఎర్ర డబ్బా మాత్రం ఎక్కడికీ పోలేదు. జబ్బు ఎర్ర డబ్బాలో, ఉపశమనం పచ్చ డబ్బాలో. గల్లాపెట్టె ఒక్కటే.

2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ఈ దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్క తేల్చింది. కంపెనీల బోర్డు గదుల్లో ఈ అంకె చదివి కన్నీళ్లు పెట్టుకున్నారనుకుంటున్నారా? గిరాకీ లెక్క వేసుకున్నారు. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది. బరువు తగ్గడానికి ఈ ప్రత్యామ్నాయ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దు, దీర్ఘకాలంలో ఒళ్లు తగ్గిన దాఖలా లేదు అంది. ఆ జాబితాలో సాకరిన్, ఆస్పర్టేమ్ సరసన స్టీవియా కూడా ఉంది. ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఈ సూచన వర్తించదనీ చెప్పింది. కాబట్టి షుగర్ ఉన్న పెద్దాయన కాఫీలో చిటికెడు వేసుకుంటే మనకు పేచీ లేదు. వేసుకోనివ్వండి పాపం, ఆయనకు మిగిలిన సుఖం అదొక్కటే. ఏ జబ్బూ లేనివాణ్ని భయపెట్టి, బడిపిల్లాడి పాలగ్లాసులోకి కూడా దూరి, ‘వెయిట్ లాస్’ అని అంటగడుతున్నారే, వాళ్లతోనే మన తగువు. ఏ డబ్బా మీదైనా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట అచ్చేశారా? వాళ్లకేం పిచ్చా?

మనం మాత్రం తక్కువ తిన్నామా? పెళ్లిలో బిర్యానీ, రెండు రకాల పులావు, డబల్ కా మీఠా లాగించి ‘షుగర్ ఫ్రీ’ స్వీట్ల స్టాల్ దగ్గర వరుస కడతాం. ‘ఇందులో షుగర్ లేదుగా?’ ‘అస్సలు లేదండీ. జీడిపప్పు, కోవా, నెయ్యి, ఖర్జూరం, అంతే!’ ‘అయితే ఇంకో నాలుగు వెయ్యి బాబూ.’ ఖర్జూరం నిండా చక్కెరేనని వాడూ చెప్పడు, మనమూ అడగం. వీధి చివర బెల్లం టీ కొట్టుదీ ఇదే వరస. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారేనని ఒంటికి తెలుసు, బోర్డుకు తెలీదు.

మరి చెప్పాల్సినవాళ్లేం చేస్తున్నారు? మెక్సికోలో 2020 నుంచి ఇలాంటి తీపి కలిపిన ప్యాకెట్ల ముందు వైపే, పిల్లలకు మంచిది కాదని హెచ్చరిక అచ్చెయ్యాలి. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2015లో స్టీవియాకు తలుపు తీసింది. ప్యాకెట్ ముందు ఏం రాయాలో తేల్చడానికి మాత్రం ఏళ్లు చాలడం లేదు. 2022 సెప్టెంబరులో ముసాయిదా తెచ్చింది. హెచ్చరికలు కావట, నక్షత్రాలట! చక్కెర వల్ల మార్కులు పోతే, కాస్త పీచు, పప్పు కలిపి కొన్ని రాబట్టుకోవచ్చట. తిండికి కూడా గ్రేస్ మార్కులన్నమాట. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది. మూడు నెలలయ్యాయి. ఇంకో మూడు నెలలు కావాలన్నారు. కమిటీలు కూర్చుంటున్నాయి, లేస్తున్నాయి. ఆ సమావేశాల్లో అయ్యగార్లకు టీ ఇస్తారు కదా. అందులో వేసుకునే ప్యాకెట్ వెనక ఏం రాసుందో, కనీసం అదైనా చదివి ఊరుకుంటున్నారా?