లారీ ఎక్కిన కొత్త అల్లుడు

డీజిల్ లారీకి కాలం చెల్లిందనీ, కరెంటు లారీ వచ్చాక డ్రైవరన్నకు అన్నీ మంచి రోజులేననీ స్టార్ హోటల్ సదస్సుల్లో తెర మీద బొమ్మలు వేసి మరీ చెబుతున్నారు. కిలోమీటరుకు డీజిల్ ఎంత, కరెంటు ఎంత అని రెండు గీతలు గీస్తారు. కరెంటు గీత కిందికి దిగుతుంది, చప్పట్లు పైకి లేస్తాయి. బండి ఆగి ఉన్న గంటకు ఎంత పోతుందన్న గీత మాత్రం ఎవరూ గీయరు.

ఆకివీడులో చేపల లోడు ఎత్తే బండినే తీసుకుందాం. ట్రేలలో చేప, చేప మీద ఐసు, పైన పట్టా. హావ్‌డా దాకా సుమారు 1,100 కిలోమీటర్లు. 350 లీటర్ల ట్యాంకు నింపుకుంటే, లీటరుకు నాలుగు కిలోమీటర్లు వేసుకున్నా, దారిలో బంకు మొహం చూడక్కర్లేదు. ఇద్దరు డ్రైవర్లుంటారు. ఒకరు కునుకు తీస్తే ఒకరు తోలతారు. వాళ్లను తరిమేది ఓనరు కాదు, కరిగే ఐసు.

అదే లోడును ఒక్క ఛార్జింగుకు 200 కిలోమీటర్లు నడిచే లారీలోకి ఎక్కించండి. దారి పొడవునా ఐదు మజిలీలు. 250 యూనిట్ల బ్యాటరీని 60 కిలోవాట్ల ఛార్జరుకు తగిలిస్తే నాలుగు గంటల పైమాటే. ఐదింటికీ కలిపి ఇరవై గంటలు. హావ్‌డాలో చేప కంటే ముందు వాసన దిగి బేరం మాట్లాడుతుంది.

240 కిలోవాట్లవి వస్తున్నాయిగా, గంటా గంటంబావులో అయిపోతుందంటారు. రానివ్వండి, కాదనను. కానీ ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! రోడ్డు పక్కన ఇప్పుడున్న స్టేషన్లలో చాలావరకు కార్ల కొలతకు కట్టినవి. అందులోకి ట్రైలర్ తిప్పాలంటే ముందు ప్రహరీ గోడతో మాట్లాడుకోవాలి.

ఆగిన గంటల మాట అడిగితే వచ్చే జవాబు ఇంకా ముద్దొస్తుంది: ఛార్జింగ్ అయ్యేదాకా డ్రైవరుకు విశ్రాంతి దొరుకుతుందట! రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. అమల్లో ఉన్న అరవై ఏళ్లలో ఆ చట్టం ఏ ఢాబా మంచం మీదా కూర్చున్న దాఖలా లేదు. ఇప్పుడు బ్యాటరీ అలసిపోయేసరికి అందరికీ డ్రైవరు నడుము గుర్తుకొచ్చింది. ఆ విశ్రాంతికి బత్తా ఎవరిస్తారని అడక్కండి, సదస్సు టీ విరామానికి లేస్తుంది.

అసలు ఈ బ్యాటరీ కొత్త అల్లుడి కింద లెక్క. ఎండ తగలకూడదు, చల్లగా ఉంచాలి. అందుకే దానికి శీతల యంత్రం బండితోపాటే పుట్టింది. ఆ బండి తోలేవాడి క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది మాత్రం 2025లో. కేంద్రం సబ్సిడీ కావాలంటే కంపెనీ ఈ అల్లుడికి ఐదేళ్లు లేదా ఐదు లక్షల కిలోమీటర్ల వారంటీ రాసివ్వాలి. డ్రైవరు వెన్నుపూసకు మాత్రం వారంటీ కార్డు ఇంతవరకు అచ్చు కాలేదు. పైగా అల్లుడుగారు రెండు మూడు టన్నులు తూగుతారు. కాటా మీద ఆయన బరువు పడుతుంది గానీ ఆయనకు కిరాయి ఎవరూ ఇవ్వరు.

ఇక కట్నం సంగతి. పెద్ద కరెంటు లారీ ధర డీజిల్ లారీకి రెండింతలు, మూడింతలు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో లారీలకు 500 కోట్లు పెట్టారు, సుమారు 5,600 బండ్లకని 2025 జులైలో ప్రకటించారు. బండికి గరిష్ఠంగా 9.6 లక్షలు. అది దక్కాలంటే పాత లారీని తుక్కు చేసినట్టు సర్టిఫికెట్ చూపాలి. ఇంటావిడ గాజులు కుదువబెట్టి కొన్న ఒక్క బండిని తుక్కుకిచ్చి, దానికి మూడింతల అప్పు తలకెత్తుకోవాలన్నమాట! అప్పు తీరాలంటే బండి ఎక్కువ తిరగాలి. ఎక్కువ తిరగాలంటే ఎక్కువసార్లు ఆగాలి. బండి ఆగినా కిస్తీ ఆగదు.

కరెంటు లారీ ఎక్కడా పనికిరాదని నేననడం లేదు. రేవు నుంచి ఫ్యాక్టరీకి, గని నుంచి సిమెంటు మిల్లుకు, రోజూ అదే దారి, రాత్రికి అదే షెడ్డు, అదే ఛార్జరు. అక్కడ అది బంగారం. పొగ లేదు, చప్పుడు లేదు, లోడుతో కొండ దిగేటప్పుడు తిరిగి కొంత కరెంటు కూడా పుట్టిస్తుంది. అయితే ఆ బండి కంపెనీది, లోడు కంపెనీది, ఛార్జరూ కంపెనీదే. ఆ లెక్క పట్టుకొచ్చి, రేపటి లోడు ఏ ఊరికో తెలియక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు అరుగు మీద కూర్చున్నవాడికి చూపించి, నువ్వెందుకు మారవని గదమాయిస్తున్నారే, అదీ నా బాధ.

మే నెల మధ్యాహ్నం, ఛార్జింగ్ స్టేషన్‌లో పెద్ద లారీ ఆగి ఉందనుకోండి. నీడ కార్ల వైపే ఉంది. డ్రైవరు తువ్వాలు దులిపి ట్రైలర్ కింద పరుచుకుని పడుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, బ్యాటరీకి.