పాఠం చెప్పాననుకున్నాను

ప్రభుత్వ ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడం నా పని. నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో, ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వైపు, మండల పరిషత్ మీటింగ్ హాళ్ళలో ఏళ్ళ తరబడి నిలబడి మాట్లాడాను. బాగా మాట్లాడతానని పేరుంది. ఆ పేరే నన్ను చాలాకాలం తప్పుదోవ పట్టించింది. నేను బాగా చెప్తే వాళ్ళు బాగా నేర్చుకున్నట్టేనని, వాళ్ళు నేర్చుకుంటే ఊళ్ళో పనులు సవ్యంగా జరిగిపోతున్నట్టేనని నమ్మాను. ఈ రెండు నమ్మకాల్లో ఒక్కదాన్నయినా వెళ్ళి కళ్ళతో చూసుకోలేదు. నా తెలివితక్కువతనం అదీ. దాని నష్టం నేను భరించలేదు, వేరేవాళ్ళు భరించారు. అందుకే ఇది రాయాలనిపించింది.

2019 అక్టోబర్ 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. లక్ష మందికి పైగా కొత్త ఉద్యోగులు దాదాపు ఒకేసారి కుర్చీల్లో కూర్చున్నారు. చాలామందికి అదే మొదటి ఉద్యోగం. బీటెక్‌లు, పీజీలు చేసిన పిల్లలు. చట్టాలు తెలియవు, ఫైలు నడిపే తీరు తెలియదు, ఎదురుగా నిలబడిన ముసలావిడతో ఎలా మాట్లాడాలో అంతకంటే తెలియదు. నాలాంటివాళ్ళకు చేతినిండా పని దొరికింది. పై నుంచి మాస్టర్ ట్రైనర్లకు, వాళ్ళ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి పాఠం దిగుతూ వచ్చేది. కిందికి వచ్చేకొద్దీ సమయం చిక్కిపోయేది. పైన రోజుల తరబడి చెప్పింది మండలానికి చేరేసరికి ఒక పూట. ఆ పూటలోనే అటెండెన్స్, టీ, పరిచయాలు, ఎంపీడీవో గారి రెండు మాటలు.

నాకు అప్పగించిన వాటిలో సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఒకటి. 2005 నాటి చట్టం. అర్జీ అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటల్లో. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయలు, 25,000 దాకా జరిమానా, అదీ ఆ అధికారి సొంత జేబులోంచి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఈ అంకెలన్నీ స్లైడ్ల మీద పెద్ద అక్షరాల్లో వేసేవాణ్ణి. జరిమానా స్లైడుకు ఎర్ర రంగు. అది వచ్చినప్పుడు హాలు మొత్తం నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దం చూసి పాఠం దిగిందనుకునేవాణ్ణి. చివర్లో పోస్ట్ టెస్ట్ పెడితే మార్కులు బ్రహ్మాండంగా వచ్చేవి. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో "చాలా బాగుంది" అని రాసేవాళ్ళు. ఆ కట్టలు జాగ్రత్తగా దాచుకున్నాను.

ఒకసారి ఉదయగిరి అవతల ఒక గ్రామ సచివాలయానికి వేరే పని మీద వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. లోపల గదిలో కూర్చుని ఉండగా బయట కార్యదర్శి బల్ల దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. భుజం మీద గొంగడి, పక్కన ఎనిమిదేళ్ళ మనవడు. చేతిలో ప్లాస్టిక్ సీసా, దాన్నిండా బోరు నీళ్ళు. సీసా బల్ల మీద పెట్టి, మనవణ్ణి దగ్గరికి లాగి, వాడి పెదవి వేలితో పైకెత్తి చూపించాడు. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమ రంగు చారలు.

"పోయినేడు ఎవురో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకపోయినారు సారూ. ఏం తేలిందో చెప్పలా. ఆ కాయితం నాకు కావాల" అన్నాడు.

మా పడమటి పల్లెల్లో ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్ళుండరు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర దాకా, అంతకుమించితే తాగకూడదని భారతీయ ప్రమాణం. ఆయన బోరులో ఎంతుందో ఆయనకు తెలియాలి. అడిగింది న్యాయమైన ప్రశ్న. అంతకంటే స్పష్టంగా ఎవరూ అడగలేరు.

కార్యదర్శి కుర్రవాడు కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. "అది మా దగ్గర ఉండదు తాతా. ఆర్‌డబ్ల్యూఎస్, అదే నీళ్ళ సరఫరా ఆఫీసులో అడగాలి. ఆర్టీఐ కింద కావాలంటే అర్జీ రాయించుకుని రా."

"రాసేదానికి ఎవురున్నారు నాయనా" అని పెద్దాయన కాసేపు నిలబడ్డాడు. తర్వాత సీసా తీసుకుని మనవడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళి పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. పిలవలేదు. ఇది నా ఆఫీసు కాదు కదా, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను.

ఆ కుర్రవాడు నా బ్యాచ్‌వాడే. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. పోస్ట్ టెస్ట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు. చట్టంలో సెక్షన్ 6(1) కింద ఒక నిబంధన ఉంది: రాయలేని మనిషి నోటితో అడిగితే, దాన్ని రాతలో పెట్టడానికి అధికారే సాయం చేయాలి. సెక్షన్ 6(3) కూడా ఉంది: అడిగిన సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే, అర్జీని తానే ఐదు రోజుల్లోపు అక్కడికి పంపి, ఆ సంగతి అర్జీదారుకు తెలియజేయాలి. రెండూ నా క్లాసులో ఉన్నవే. అడిగితే రెండూ తడుముకోకుండా చెప్పాడు.

"మరి ఎందుకు పంపేశావయ్యా?" అన్నాను.

"భయం సార్" అన్నాడు. "ఆయన నోటితో చెప్పింది నేను రాస్తే రేపు అది నా రాతే అవుతుంది. ఇట్లా అడగమని నువ్వే రాసిచ్చావా అంటే ఏం చెప్పను? అర్జీ తీసుకున్న రోజు నుంచి లెక్క మొదలవుతుంది కదా. ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళు జవాబివ్వకపోతే ఫైను నాకే పడుతుందేమోనని. పంపే లెటరు ఎట్లా రాయాలో కూడా ఎప్పుడూ చూళ్ళేదు సార్."

నేను ఎర్ర రంగు వేసి నేర్పింది అదన్నమాట. అర్జీకి జవాబివ్వడం నా విధి అని వాడికి అర్థం కాలేదు, అర్జీ తీసుకోవడమే గండమని అర్థమైంది. అర్జీ తీసుకోవడానికి నిరాకరించినా, ఆలస్యానికి వేసే అదే సెక్షన్ 20 కింద జరిమానా ఉందన్న సంగతి స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. నేను దాని మీద ఆగిన గుర్తు లేదు.

ఇందులో అన్నిటికంటే బాధ పెట్టేది ఇంకొకటి ఉంది. ఇవన్నీ తెలియక చేసినవి కావు. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికాకు చెందిన డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే రాశాడు: క్లాసు నచ్చిందా, విషయం వచ్చిందా, తిరిగి వెళ్ళి పనిలో మారారా, దానివల్ల జనానికి ఏం ఒరిగింది. ఈ నాలుగు మెట్లనూ తోటి ట్రైనర్లకు ఇచ్చే శిక్షణల్లో నేనే బోర్డు మీద గీసి వివరించేవాణ్ణి. నా సొంత పనికి వచ్చేసరికి ఫీడ్‌బ్యాక్ ఫారం, పోస్ట్ టెస్ట్, అక్కడితో సరి. పై రెండు మెట్లు ఎక్కాలంటే ఊరికి పోయి బల్ల పక్కన కూర్చోవాలి. హాల్లో ఉన్నంత గౌరవం అక్కడ ఉండదు. వెళ్ళకపోవడానికి అసలు కారణం ఇదేనని ఇప్పుడు ఒప్పుకోగలను. శిక్షణ అవసరాన్ని ముందు తేల్చుకోవాలని, పని తెలియక ఆగిందా, చేతకాక ఆగిందా, భయపడి ఆగిందా చూడాలని కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ కోర్సుల్లో నేర్చుకున్నాను. ఆ కుర్రవాడికి తెలుసు. వాడికి కావలసింది ఒకసారి చేసి చూడటం, నీ వెనక నేనున్నాననే పై అధికారి మాట.

పెద్దవాళ్ళకు పాఠం ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి నేను దూరాలు పోనక్కర్లేదు. ఉదయగిరి నియోజకవర్గంలోనే, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల వాచకాల్లో సీతమ్మ కథ ఉండేది, సారాతో గుల్లయిన ఇంటి కథ. ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుకుంటూ, ఆ కథ మీద మాట్లాడుకుంటూ, ఇది మన ఇంటి కథేనన్నారు. దూబగుంటలో సారా అమ్మకాన్ని ఆపించారు. ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వేలంపాటలు నిలిచిపోయాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. అది తర్వాత నిలవలేదు, నిజమే. కానీ ఒక పాఠం మనిషి చేతిని కదిలించిందనడానికి నాకు తెలిసి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. ఆ పాఠాలు చెప్పింది నాలాంటి నిపుణులు కారు, ఊళ్ళో చదువుకున్న పిల్లలు. మొదట ఆడవాళ్ళను మాట్లాడనిచ్చారు, తర్వాత అక్షరం నేర్పారు. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయానో. నా పనికి, ఆ ఊరికి సంబంధం ఉందని ఒక్కసారీ తోచలేదు.

తర్వాత పద్ధతి మార్చుకున్నాను. క్లాసుకు ముందురోజు ఒకటి రెండు సచివాలయాల్లో కూర్చుంటాను. "ఈ వారం ఎవర్ని వెనక్కి పంపారు, ఎందుకు?" అని అడుగుతాను. ఆ జవాబులతోనే మర్నాటి పాఠం. హాల్లో జంటలుగా కూర్చోబెడతాను. ఒకరు నోటితో చెప్పాలి, ఇంకొకరు రాసుకోవాలి, చదివి వినిపించాలి, వేలిముద్ర తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. మొదటిసారి ఆత్మకూరులో చేయించినప్పుడు ఒకమ్మాయి రెండో వాక్యం దగ్గరే కలం ఆపింది. "సార్, ఆయన చెప్పింది రాయాలా, చట్టం భాషలోకి మార్చి రాయాలా?" అని అడిగింది. అన్నాళ్ళ నా క్లాసుల్లో అంత పనికొచ్చే ప్రశ్న రాలేదు. రానిచ్చే క్లాసు నేను పెట్టలేదు మరి. ఆయన చెప్పిందే రాయమ్మా, ఏ కాగితం కావాలో అర్థమైతే చాలు, చివర చదివి వినిపించు అన్నాను. వేరే ఆఫీసుకు పంపే నాలుగు లైన్ల లెటరు ప్రతి ఒక్కరూ తమ చేత్తో రాసి, ఇంటికి తీసుకుపోతారు. కొన్నిచోట్ల క్లాసే అక్కర్లేదని తేలింది. రసీదు పుస్తకం లేక ఇవ్వనివాళ్ళకు పాఠం చెప్పి ఏం లాభం? పుస్తకం ఇప్పించమని పై వాళ్ళకు రాయడం కూడా ట్రైనర్ పనే.

జీతాల బడ్జెట్లో కనీసం 2.5 శాతం శిక్షణకు కేటాయించాలని 2012 జాతీయ శిక్షణ విధానం శాఖలకు చెప్పింది. 2020లో మిషన్ కర్మయోగి వచ్చింది, ఫోన్లోనే కోర్సులు పూర్తి చేసుకునే ఏర్పాటు వచ్చింది. మంచివే. అయితే ఎన్ని కోర్సులు పూర్తయ్యాయన్న లెక్క, నా ఫీడ్‌బ్యాక్ ఫారాల కట్ట, ఒకే జాతివి. బల్ల ముందు నిలబడిన మనిషి పని అయిందా లేదా అన్నది ఆ రెండింటిలోనూ కనబడదు. శిక్షణ తేదీలు ఖరారు చేసే అధికారులకు నా విన్నపం ఒక్కటే: ట్రైనర్‌ను హాలుకు పిలిచే ముందు ఒక పూట సచివాలయానికి పంపండి. క్లాసు అయ్యాక మూడు నెలలకు మళ్ళీ పంపండి. ఆ రెండు ప్రయాణాలకు టీఏ ఇవ్వండి.

ఇది చదివేవాళ్ళకు కూడా ఒక మాట. సమాచార హక్కు కింద మీరు రాయలేక నోటితో అడిగితే, దాన్ని రాతలో పెట్టడానికి అధికారి సాయం చేయాలి. కాగితం వేరే ఆఫీసులో ఉంటే ఆయనే ఐదు రోజుల్లో పంపాలి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు పైసా కట్టనక్కర్లేదు. మీ ఊళ్ళో రాయడం రానివాళ్ళెవరైనా వెనక్కి తిరిగొస్తే, వాళ్ళతో పాటు మళ్ళీ ఒకసారి ఆ బల్ల దగ్గరికి వెళ్ళండి.