క్యూనాథం

క్యూనాథాన్ని మీరు చూసే ఉంటారు. నిజాంపేటలోనో మియాపూర్‌లోనో, మంచం కన్నా కుర్చీ ఖరీదెక్కువగా ఉండే వెనక గదిలో ఉంటాడు. వయసు ముప్పై దాటింది. ఇంట్లోవాళ్లు సంబంధాలు చూస్తున్నారు. ఆధార్ కార్డు మీద పేరు ఇంకేదో ఉంటుంది కానీ, ఎప్పుడు పలకరించినా "క్యూలో ఉన్నానంకుల్" అంటాడు కాబట్టి నేను క్యూనాథమనే పిలుస్తాను. అతనికి కోపం కూడా రాదు. ఆ అంకె మీద నుంచి చూపు తిప్పితే కదా కోపం రావడానికి.

అంకె అంటే, ఆన్‌లైన్ ఆట తెరవగానే తెర మధ్యలో చిన్న పెట్టె వస్తుంది. ఈ లోకం నిండిపోయింది, మీ ముందు ఇంతమంది ఉన్నారు అని దాని సారాంశం. కింద 4,812 అనో, 6,039 అనో ఉంటుంది. అంతే. బొమ్మ లేదు, పాట లేదు, కత్తి లేదు, రాక్షసుడు లేడు. కాసేపటికి ఆ 4,812 కాస్తా 4,790 అవుతుంది. క్యూనాథం కుర్చీలో సర్దుకుని, చేజింగులో ఫోరు పడ్డట్టు తొడ మీద చరుచుకుంటాడు.

ఈ మనిషే పొద్దున్న టిఫిన్ సెంటర్లో తనకు ముందు నలుగురుంటే, "వీళ్లకి సిస్టమంటూ లేదండీ" అని ఇడ్లీ మానేసి వచ్చేస్తాడు. లిఫ్టు రెండంతస్తులు ఆలస్యమైతే బటన్ని పదిసార్లు పొడుస్తాడు. పెళ్లి భోజనంలో కూర్చున్నవాళ్ల కుర్చీ వెనక నిలబడటం మన జాతికి తగదని నాకే ఒకసారి ఉపన్యాసమిచ్చాడు. సర్వర్ ముందు మాత్రం రాత్రి పదిన్నర నుంచి రెండున్నర దాకా నోరెత్తకుండా కూర్చుంటాడు. ఓర్పు లేనివాడనుకుంటే పొరపాటు. ఉన్నదంతా ఒకచోటే ఖర్చు పెట్టేశాడు.

అతని జీవితంలో స్వర్ణయుగం 2021 డిసెంబరు. ఫైనల్ ఫాంటసీ 14 అనే జపాన్ ఆటకు 'ఎండ్‌వాకర్' అనే కొత్త భాగం వచ్చింది. ముందుగా డబ్బు కట్టినవాళ్లకు డిసెంబరు 3న, శుక్రవారం, తలుపులు తీశారు. అసలే కరోనా కాలం, జనమంతా ఇళ్లలో. ఆ ఏడాది వేసవి నుంచే వేరే ఆటల వాళ్లు గుంపులుగా ఇటు వలస వచ్చారు. కొత్త సర్వర్లు కొందామంటే లోకమంతా చిప్పుల కరువు. ఇన్ని కారణాలూ మన క్యూనాథానికి కంఠోపాఠం. ఎవరడిగినా ఒక్క తప్పు లేకుండా అప్పజెబుతాడు. "జనం ఎగబడ్డారంకుల్, వాళ్లేం చేస్తారు?" అంటాడు. ఆ జనంలో తను కూడా ఉన్నాడన్న ఆలోచన ఏ కోశానా ఉండదు. అతని లెక్కలో అతను ఆటగాడు, మిగతావాళ్లు రద్దీ.

ఆ రోజుల్లో అసలు భయం క్యూ కాదు, 2002. అది సంవత్సరం కాదు, ఎర్రర్ నంబరు. ఒక్కో డేటా సెంటర్ వాకిట్లో 17,000 మందికి మించి నిలబడితే, కొత్తగా వచ్చినవాణ్ణి ఈ నంబరు చూపించి వెనక్కి పంపేవారు. అలా పంపకపోతే లోపలి ఆట సంగతి దేవుడెరుగు, వాకిలే కూలిపోతుందని వాళ్ల బాధ. ఇది చాలదన్నట్టు వాకిట్లో నిలబడ్డవాడికి ఇంటర్నెట్ ఒక్క క్షణం తుమ్మినా అదే 2002 వచ్చి ఆట మూసుకుపోయేది. వెంటనే మళ్లీ తెరిస్తే పాత స్థానం దక్కేది, ఆలస్యమైతే మొదటికే మోసం. అంటే తెర ముందు కాపలా ఉండాలి. కానీ మనిషన్నాక బాత్రూముకి వెళ్లాలి కదా. అందుకని లాప్‌టాప్‌ని మానిటర్ ఎదురుగా స్టూలు మీద నిలబెట్టి, దాన్నుంచి తన ఫోనుకే వీడియో కాల్ చేసుకుని, ఫోను పట్టుకుని వెళ్లేవాడు. వంటింట్లో మంచినీళ్లు తాగుతున్నా ఫోను తెర మీద ఆ చిన్న పెట్టె, అందులో అంకె. ఆస్పత్రి బయట కూర్చున్నవాళ్లు కూడా అన్నిసార్లు ఫోన్ చూసుకోరు.

వాళ్ల నాన్నగారు ఆర్టీసీలో రిటైరయ్యారు. ఒక రాత్రి మంచినీళ్లకు లేచి గదిలోకి తొంగి చూశారు.

"ఏంట్రా అది?"

"ఆట నాన్నా."

"ఆడవేం మరి?"

"క్యూలో ఉన్నాను. మూడు వేల మంది ఉన్నారు ముందు."

"ఉచితమా?"

"కాదు నాన్నా, నెలనెలా కడతాం."

ఆయన కాసేపు ఆలోచించారు. "నెలనెలా డబ్బు కట్టి, లోపలికి వెళ్లకుండా, గుమ్మంలో కూర్చున్నావా?"

"గుమ్మం కాదు నాన్నా, దాన్ని లాబీ అంటారు."

ఆయన నీళ్లు తాగి పడుకున్నారు. తెల్లారి భార్యతో చెబితే, ఆవిడ సానుభూతితోనే, "తిరుమల కంపార్ట్‌మెంట్లో అంతసేపు కూర్చుంటే పాలూ ఉప్మా అయినా తెచ్చిపెడతారు, పాపం వీళ్లకి అదీ లేదు" అందట. ఆ రాత్రి నుంచి పదకొండింటికి అతని గదిలోకి ఒక గ్లాసు పాలు వెళ్లేవి.

క్యూనాథం తెలివితక్కువవాడేం కాదు. మన దేశంలో ఆ ఆటకు సర్వర్ లేదు కాబట్టి ఇతను యూరప్ సర్వర్లో ఆడతాడు. వాళ్లకు సాయంత్రం ఆరయితే మనకు రాత్రి పదిన్నర. సరిగ్గా మనవాడికి ఆఫీసు పని తెమిలే వేళకు అక్కడివాళ్లు ఇళ్లకు చేరి మీద పడతారు. రెండు మూడు రాత్రులయ్యాక ఇతగాడికి వెలిగింది. మనకు పొద్దున్న ఎనిమిదింటికి యూరప్ గాఢనిద్రలో ఉంటుంది, అప్పుడైతే వాకిట్లో ఎవడూ ఉండడు. ఇంటి నుంచే ఉద్యోగం కదా, ఎనిమిదింటికి లోపలికి దూరి, రాత్రి దాకా బయటికి రాకుండా అక్కడే కూర్చుంటే సరి.

దీనికి కంపెనీ విరుగుడు ముందే ఆలోచించింది. అరగంట పాటు మీట నొక్కనివాణ్ణి బయటికి తోసేస్తారు. అసలు ఊరికే కూర్చున్నవాళ్ల వల్లే క్యూ కదలడం లేదని, వాళ్లకు సిగ్గుండాలని క్యూనాథమే నాలుగు రోజులు మండిపడ్డాడు కూడా. అయిదో రోజు ఆఫీసు మీటింగులు వరసగా పడ్డాయి. వాళ్లమ్మను పిలిచాడు.

"అమ్మా, పావుగంటకోసారి వచ్చి ఈ పొడుగు మీట ఒక్కసారి నొక్కవా?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. తెర మీద మంచు కురుస్తోంది. మధ్యలో ఒక అమ్మాయి. తల మీద పిల్లి చెవులు, వెనక తోక.

"ఈ పిల్లెవర్రా?"

"నేనేనమ్మా."

ఈ జవాబు మీద ఆ ఇంట్లో ఆ పూట ఏం చర్చ జరిగిందో నాకు పూర్తిగా తెలియదు. ఆవిడ మాత్రం ఒప్పుకుంది. పప్పు పోపు పెట్టి వచ్చి మీట నొక్కేది, పిల్ల ఒక గెంతు గెంతేది. బియ్యం కడిగి వచ్చి మళ్లీ ఒక గెంతు. మూడో రోజుకి, "అంత చలిలో చేతుల్లేని జాకెట్టేంట్రా, స్వెట్టరేదైనా తొడగరాదూ" అని సూచన. క్యూనాథం తొడిగాడు కూడా. ఆ సమయానికి యూరప్‌లో ఎక్కడో ఇంకో క్యూనాథం తెర ముందు కూర్చుని, లోపల ఊరికే కూర్చున్నవాళ్లకు సిగ్గుండాలని తిడుతూ ఉండి ఉంటాడు. అతనికేం తెలుసు, నిజాంపేటలో ఒక అమ్మ పప్పు గరిటె చేత్తోనే తన దారికి అడ్డంగా నిలబడిందని.

మర్యాదల విషయంలో ఇతని పద్ధతే వేరు. ఇంటికి నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు గంట ఆలస్యంగా వస్తే "వాడు". ఆ ఆట నిర్మాత, దర్శకుడు నవోకి యోషిదా మాత్రం "యోషిదా గారు". ఆ డిసెంబరులో ఆయన పదే పదే క్షమాపణలు రాశారు. ముందు ఏడు రోజుల ఆట సమయం ఉచితమన్నారు, తరవాత ఇంకో పద్నాలుగు రోజులు కలిపారు. ఆ ఉత్తరాలు చదివి క్యూనాథానికి కళ్లు చెమర్చాయి. "ఎంత పెద్దమనిషంకుల్, తన తప్పు కాకపోయినా మాట పడుతున్నాడు" అన్నాడు. చోద్యమేమిటంటే, క్యూనాథం పగలు చేసే ఉద్యోగమూ అదే. ఒక కంపెనీ సర్వర్లు పడిపోకుండా చూసుకునే పని. పండగ ఆఫర్లప్పుడు అవి పడిపోతే, "రద్దీ ఎక్కువగా ఉన్నందున అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఇతనే ఇంగ్లీషులో రాస్తాడు. కస్టమర్లు బూతులు తిడితే, "జనానికి ఓపిక లేదంకుల్" అని నా దగ్గర వాపోతాడు.

మొదటి వారం రద్దీకి సరిపడా యంత్రాలు కొంటే రెండో నెలకు అవన్నీ ఖాళీగా ఉంటాయని, అందుకే ఏ కంపెనీ అయినా కొంత తిట్టించుకోవడానికే సిద్ధపడుతుందని ఇతనికి మనకన్నా బాగా తెలుసు. ఆ జ్ఞానం రాత్రి పదిన్నరకు పని చెయ్యదు.

డిసెంబరు నడిమికి వచ్చేసరికి ఆ కంపెనీ ఎక్కడా వినని పని చేసింది. ఇక కొత్తవాళ్లకు అమ్మం అని ఆట అమ్మకమే ఆపేసింది. జనవరి 25 దాకా మళ్లీ మొదలుపెట్టలేదు. క్యూనాథం ఆ వార్త చదివి పండగ చేసుకున్నాడు. "మంచి పని చేశారు. ఎవడు పడితే వాడు వచ్చి చేరితే పాతవాళ్లం ఏమైపోవాలి?" అన్నాడు. ఇతను చేరింది ఆ ముందు జులైలో.

ఈ జాతికి దేశభేదం లేదు. డల్లాస్ రకం కూడా అచ్చం ఇంతే, పాల గ్లాసొక్కటే తేడా. 2019 ఆగస్టు 26, సోమవారం, అక్కడ సాయంత్రం అయిదింటికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత ఆటను 'క్లాసిక్' పేరుతో మళ్లీ తెరిచారు. హైదరాబాద్‌లో అప్పుడు తెల్లవారుజాము మూడున్నర, ఇక్కడి క్యూనాథాలూ అలారం పెట్టుకుని లేచారు. తెరవడానికి ముందే బ్లిజార్డ్ కంపెనీ హెచ్చరించింది: హెరోడ్ అనే సర్వర్లో చేరినవాళ్లు విపరీతంగా ఉన్నారు, క్యూ పదివేలు దాటొచ్చు, దయచేసి వేరే సర్వర్‌కి మారండి అని. డల్లాస్ క్యూనాథం అది శ్రద్ధగా చదివాడు. చదివి, "అయితే మిగతావాళ్లంతా మారిపోతారు, ఇక్కడ ఖాళీ అవుతుంది, మనం హాయిగా ఉండొచ్చు" అని లెక్క వేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఇంత గొప్ప ఎత్తుగడ తనకొక్కడికే తట్టిందని ఇప్పటికీ నమ్ముతాడు.

అన్ని గంటలు కాచుకుని లోపలికి వెళ్లినవాళ్లకు మరో విందు జరిగింది. ఫలానావాణ్ణి చంపి రమ్మని ఆటలో ఒక పని ఇస్తారు. ఆ ఫలానావాడు ఒక్కడే, చంపాల్సినవాళ్లు వందల్లో. చచ్చినవాడు మళ్లీ పుట్టేదాకా ఆగాలి. అప్పుడు చూడాలి, గొడ్డళ్లు, గదలు పట్టుకున్న వీరాధివీరులంతా ఎవరూ చెప్పకుండానే గుట్ట మీద నుంచి కిందిదాకా వరసగా లైను కట్టి నిలబడ్డారు. మధ్యలో దూరబోయినవాణ్ణి అందరూ కలిసి తిట్టారు. ఆ దృశ్యం బొమ్మను డల్లాస్ క్యూనాథం ఇప్పటికీ దాచుకున్నాడు, గ్రూప్ ఫోటోలో తనెక్కడున్నాడో వేలు పెట్టి చూపిస్తాడు.

వీళ్లలోనూ సీనియారిటీ ఉంది. గుంపులో కాస్త నెరిసిన గడ్డం ఉన్నవాడొకడు వచ్చి, "మీరేం చూశార్రా, 2012 మే 15న డయాబ్లో 3 వచ్చినప్పుడు ఎర్రర్ 37 చూశాం మేము. ఒంటరిగా ఆడుకునే ఆటకు కూడా సర్వర్ పర్మిషన్ కావాలన్నారు" అంటాడు. చిన్నవాళ్లు మౌనంగా వింటారు.

ఇక క్యూ తీరిపోయాక ఏమవుతుందంటారా? 2022 వసంతానికల్లా పరిస్థితి చక్కబడింది. నొక్కగానే లోపలికి పోవచ్చు. క్యూనాథం వారం పది రోజులు ఆడాడు. తరవాత ఆడటం తగ్గింది. ఏమైందని అడిగితే పెదవి విరిచి, "ఏముందంకుల్, ఎప్పుడు వెళ్లినా ఖాళీ. ఆట చచ్చిపోయింది" అన్నాడు. వాళ్లమ్మ మాత్రం ఆ పిల్లని ఏం చేశావని రెండు మూడుసార్లు అడిగిందట.

2024 ఫిబ్రవరిలో హెల్‌డైవర్స్ 2 వచ్చి, ఒకేసారి 4,50,000 మందికి మించి లోపలికి రానివ్వలేమని హద్దు పెట్టాక గాని అతని మొహంలో మళ్లీ కళ రాలేదు. కుర్చీకి కొత్త దిండు కొన్నాడు.

ఈమధ్య కనిపించి మరో కొత్త ఆట రాబోతోందని, అప్పుడే మూడు రోజులు సెలవు పెట్టేశానని చెప్పాడు.

"ఈసారి ముందే సర్వర్లు దండిగా పెట్టారటగా, క్యూ ఉండదేమో" అన్నాను, సంతోషిస్తాడని.

మొహం వేలాడేశాడు. "అంటే, ఎవరూ ఆడటం లేదనేనా అంకుల్?" అన్నాడు.